నాలుగో క్వార్టర్

పాలకొల్లు మున్సిపల్ హైస్కూలు సిమెంటు మెట్ల మీద
మాది ముప్పయ్యేళ్ల గుంపు.
తణుకు మీద మణిదీప్ ఆఖరి బంతి వేసిన రాత్రి
వాడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటానన్నాడు అబ్బులు బావ.
కళ్లెర్రగా ఉన్నాయేంటని ఎవరో అడిగితే
కుర్రోడు కదండీ, నిద్ర చాల్లేదన్నాం, అందరం.

నిన్న వాడి బూటులోంచి పొట్లం దొరికింది.

తులసివనంలో గంజాయి మొక్కండి, ఆయ్,
అన్నాడు అదే అబ్బులు బావ.
మాటకంటే ముందు క్వార్టరు వాసనొచ్చింది.
పీకి పారెయ్యాలన్నాడు సత్తిపండు
అరచేతిలో ఖైనీ నలుపుతూ.
ఫైనలయ్యాక పీకుదాం లెండి, అంది వెనక మెట్టు.
ఎవరూ నవ్వలేదు.

రైసుమిల్లు వెనక ఊకపోగు దగ్గర
ఆ వాసన నాకు మాఘంలోనే తెలుసు.
మోకాలు బూరెలా వాచి ఉంది.
ఇది పీలిస్తే నొప్పి తెలీదు మావయ్యా, అన్నాడు.
ఆదివారం మ్యాచ్.
నిమ్మకాయ సోడా ఒకటి కొనిచ్చి
వచ్చేశాను.

ఇవాళ గట్టు మీద ఒక్కడే ఉన్నాడు.
కాలవ కట్టేశారు, అడుగున బురద, ఒక తెగిన చెప్పు.
బంతి వాడి పాదాల మధ్య.
నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చాడు.

నేనింకా నిలబడే ఉన్నాను.