పాలు పితికే వేళకు కడుపునొప్పి

ఆగస్టు ముప్పై ఒకటిన
మోటారు సైకిళ్ల మీద దిగుతారు పిల్లలు,
నాన్నల వీపులకు తాడుతో కట్టినట్టు అతుక్కుని.
ముందు కనుమలో దుమ్ము కనిపిస్తుంది,
తర్వాత చప్పుడు,
ఆ తర్వాత నా గుమ్మంలో
పిడకల పొగ వాసనేసే ఒక చీమిడి ముక్కు.

నా పేరు దుల్మా.
ఖాంగాయి కొండల కింద ఈ బడి హాస్టల్లో
ఇరవై రెండేళ్లుగా ఇనప మంచాలు లెక్కపెడుతున్నాను.
నలభై మంచాలు. నలభై ఒక్క దిండ్లు.
ఒకటెప్పుడూ అదనం,
ఎవరో ఒకరికి కావలించుకోవడానికి కావాలి.

ఈసారి ఉలాన్‌బాతర్ నుంచి ఒక కాగితం వచ్చింది.
సెలవుల తర్వాత పిల్లల్లో ఒత్తిడి, గుర్తించే విధానం.
నిద్ర పట్టదా? ఒక గడి.
తిండి సహించదా? ఒక గడి.
పక్క తడుపుతున్నారా? ఇంకో గడి.
కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను.
తొగొల్దర్ ఏ గడిలోనూ పట్టలేదు.

వాడికి ఆరేళ్లు.
పగలంతా బాగానే ఉంటాడు.
నాలుక బయటపెట్టి అక్షరాలు దిద్దుతాడు,
గొర్రె మడమ ఎముకలాటలో
పెద్దపిల్లల జేబులు ఖాళీ చేస్తాడు.
నీళ్ల ట్యాంకు నీడ వంటింటి గోడ ఎక్కేసరికి
పొట్ట పట్టుకుని ముడుచుకుపోతాడు.
డాక్టరమ్మ నొక్కి చూసి ఏమీ లేదంది.
ఏమీ లేనిది
రోజూ ఏడింటికే ఎందుకొస్తుంది?

మొదటి మూడు రోజులూ నేనూ అందరిలాగే
"పెద్దవాడివి కదూ, ఏడవకూడదు" అన్నాను.
ఏడవలేదు.
వాంతి చేసుకున్నాడు.

నాలుగో రోజు వాడి పక్కన నేల మీద కూలబడి అడిగాను:
"ఈ వేళకు ఇంటి దగ్గర ఏం చేస్తుంటావురా?"
గోడతో చెప్పాడు, నాతో కాదు:
"దూడని పట్టుకుంటా.
పట్టుకోకపోతే పాలన్నీ అదే తాగేస్తుంది.
అమ్మకి రెండే చేతులు."

ఓహో.
వాడి కడుపులో ఉన్నది జబ్బు కాదు,
జడల బర్రె దూడ.
మెడతాడు పట్టే చేతులు ఇక్కడ ఖాళీగా ఉంటే
అది లోపల నిలబడి తంతోంది.

మా హాస్టల్లో దూడ లేదు.
పాలు కూడా పొడి రూపంలో, సంచుల్లో వస్తాయి.
ఉన్నదల్లా మసిబారిన పెద్ద మూకుడూ
ఉప్పు టీ, మోచేతంత గరిటె.
పీట వేసి ఎక్కించాను.
"ఎత్తి పొయ్యి. మళ్లీ ఎత్తి పొయ్యి. నా భుజం పట్టేసింది."
పూర్తి అబద్ధం కాదది, పూర్తి నిజమూ కాదు.

పోశాడు. పోశాడు. ఒక చుక్క నాలుక్కి రాసుకుని
మొహం చిట్లించాడు.
"దీన్ని టీ అంటారా?
ఉప్పు ఎప్పుడేయాలో కూడా తెలీదా నీకు?"
ఇరవై రెండేళ్ల వంటింటిని ఒక్క చుక్కతో కొట్టిపారేశాడు.
ఈమధ్య నాకంత సంతోషం కలగలేదు.

శనివారం ఉన్ని లారీ డ్రైవరు కబురు తెచ్చాడు:
దూడని ఇప్పుడు పిన్ని పట్టుకుంటోందట,
రెండుసార్లు తప్పించుకుని పాలు తాగేసిందట.
తొగొల్దర్ పడీ పడీ నవ్వాడు.
తను లేని లోటు అక్కడ ఎవరికో తెలిసొచ్చిందని
అంత గర్వం!

నొప్పి పోయిందా అంటే, పోలేదు.
గాలి ఉత్తరం నుంచి వీచిన సాయంత్రాల్లో వస్తుంది.
మొన్న నొముందారి,
తలమీద పావురమంత తెల్ల రిబ్బనుతో,
వంటింటి గడపలో మాటా పలుకూ లేకుండా నిలబడింది.
వాడు చూశాడు.
ఏమీ అడగలేదు.
పీట మీద కొంచెం పక్కకి జరిగాడు.

కాగితం అడుగున చివరి గడి:
తీసుకున్న చర్యలు.
"గరిటె" అని రాసి పంపాను.
తిప్పి పంపితే పంపనీ.

ఉప్పు మాత్రం
ఇప్పుడు ఆఖర్నే వేస్తున్నాను.