ఆనవాళ్లు

జూలై నెల. హోబార్ట్ కొండ నెత్తిన మంచు.
నీళ్లు కాగడానికి చాలాసేపు పట్టింది.
జేబెజ్, ఇటు తిరుగు అంటే తిరగవు కదా,
నేనే తిప్పుకుంటాను.
ఇరవయ్యేళ్లు ఊరి బట్టలుతికిన చేతులివి.
నిన్ను కడగడం ఎంత పని?

ఓడ దిగిన రోజు గుమాస్తా
నిన్ను బట్టలిప్పించి నిలబెట్టి రాసుకున్నాడట:
ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు.
కళ్లు బూడిదరంగు.
ఎడమ కనుబొమ మీద గాటు. ముందు పన్ను ఒకటి లేదు.
నేరం, చర్చి కప్పు మీది సీసపు రేకు ఎత్తుకుపోవడం.
శిక్ష, ఏడేళ్లు, సముద్రాల అవతల.
(ఆ ఆదివారం గుడి లోపల వాన కురిసిందని,
పాదిరీ ప్రసంగం సగంలో ముగించాడని,
ఊరికి అదొక్క మేలు చేశానని
నవ్వేవాడివి, పన్ను లేని సందులోంచి.)

తాగినప్పుడల్లా ఆ జాబితా అప్పజెప్పేవాడివి
పిల్లలు ఎక్కం చదివినట్టు.
"నన్నంత శ్రద్ధగా ఎవరూ చూళ్లేదే, డోర్కస్,
కన్న తల్లయినా."

ఆ పుస్తకం ఆ రోజుతో మూశారు.
తర్వాతవి నేను చూస్తున్నాను.
నాకు రాత రాదు. తడిగుడ్డతో రాస్తాను.

వీపు. సబ్బు జారదు, చారల్లో ఆగిపోతుంది.
ఓవర్సీరుని "అయ్యా" అనడం మరిచినందుకు పాతిక దెబ్బలు,
గుర్తొచ్చి మరీ గట్టిగా అన్నందుకు ఇంకో పాతిక.

కుడి భుజం. పిడికిలి పట్టేంత గుంట.
ఇరవైమంది కలిసి మోసే మానుల కింద
పొట్టివాణ్ణి, నా మీద బరువే పడేది కాదు,
పొడుగువాళ్లు తిట్టుకునేవాళ్లు అనేవాడివి.
మరి ఈ గుంట ఎక్కడిది?

చీలమండలు. వెంట్రుక మొలవని రెండు కడియాలు.
ఇనుము తీసి పదేళ్లయినా
ఎడమ కాలు ఈడ్చే నడిచావు.
చీకట్లో ఆ ఈడ్పు వినే
పొయ్యి మీద గిన్నె ఎక్కించేదాన్ని.

ఇక ఇది. ఎడమ చేతి లోపలి వైపు.
రెండు నిలువు కర్రలు, నడుమ ఒక అడ్డకర్ర.
ఒకే మెట్టున్న నిచ్చెన.
ఓడ అడుగున, తెరచాప కుట్టే సూదితో,
లాంతరు మసితో పొడిపించుకున్నావట.
ఎవరి పేరులో మొదటి అక్షరమో నేనడగలేదు.
కేస్కేడ్స్ ఆడజైల్లో
తొమ్మిది వారాలు బతికిన నా పిల్ల పేరు
నువ్వూ అడగలేదు.
పాదిరీ చదివించిన ప్రమాణాలు నాకు గుర్తులేవు గానీ
మన పెళ్లి నిలబడింది ఈ అడక్కపోవడం మీదే.

ఒక్క మాట చెబుతాను, తప్పుగా అనుకోకు.
ఇందాక దాన్ని గట్టిగా రుద్దాను.
మిగతా ఒంటికంటే గట్టిగా.
కొత్త సబ్బు పెట్టి, గోరు పెట్టి, రెండుసార్లు.
గవర్నరు గారి బల్లగుడ్డ మీది ద్రాక్షసారా మరక వదిలించాను,
కసాయి ఏప్రాన్లు తెల్లగా ఉతికాను,
ఈ ఊళ్లో నా చేతికి లొంగని మరక ఇదొక్కటే.
చర్మం ఎర్రబడుతుందేమో అని చూశాను.
ఎర్రబడలేదు. అప్పుడు తెలిసింది
నువ్వు నిజంగా పోయావని.

వడ్రంగి క్లెమ్ అరగంటలో పెట్టె తెస్తాడు.
చొక్కా తొడిగాను, మెడ గుండీ పెట్టాను.
ఎండాకాలంలో కూడా నా ఎదుట
మణికట్టు దాకా చేతులు దించుకునే ఉండేవాడివి,
నన్ను నొప్పించకూడదని
నీ మోటు మర్యాద.

ఇవాళ ఎడమ చెయ్యి పైకి మడుస్తున్నాను,
మోచేతి దాకా, రెండు మడతలు, జారకుండా.
నాతో ఉండి ముసలాడివైపోయావు జేబెజ్,
జుట్టు లేదు, నడక మారింది, పళ్లన్నీ ఊడాయి.
అవతల ఆవిడెవరో
గుర్తుపట్టడానికి
ఒక ఆనవాలైనా ఉండాలి కదా.