ఒక అక్షరం తక్కువ

పదకొండు చలికాలాల తర్వాత
హెల్సింకీలో అర్మాస్‌కి ఇల్లొచ్చింది.
మూడో అంతస్తు. వేడినీళ్ళు. తలుపుకి ఉత్తరాల కంత,
దానిమీద ఇంటిపేరు,
ఒక అక్షరం తక్కువ.

వారానికోసారి వెళ్ళి సంతకం తేవడం నా ఉద్యోగం.
గుమ్మంలోనే నిలబడి పెడతాడు.
మంచంమీద దుప్పటి కొట్లో మడతపెట్టినట్టే ఉంది.
పడక వంటగది నేలమీద, బూట్లతోనే,
ఫ్రిజ్‌కి వీపానించి.

"రాత్రంతా గొణుగుతుందిది," అన్నాడోసారి.
"వంతెన కింద రైలీ కూడా అంతే."

రైలీ ఏమైందని
నా కాగితంలో గడి లేదు.

ఇల్లయితే ఇచ్చాం గానీ
వాకిట్లో నిలబడి పిలిచే మనిషిని
ఏ శాఖ మంజూరు చేస్తుంది?

ఇవాళ ఎంత కొట్టినా తలుపు తియ్యలేదు.
వెతగ్గా వెతగ్గా
ఖాళీ సీసాలు మింగే మిషన్ దగ్గర దొరికాడు,
తాళంచెవి బూటు తాడుకి వేలాడుతూ.
కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే
"ఆలస్యమైందేం ఇవాళ?" అంటోంది.
అంటోంది అతన్నే.

నన్ను చూసి కంగారుపడ్డాడు,
చెప్పకుండా చుట్టమొచ్చినట్టు.
బీరు పెట్టె ఒకటి బోర్లించి
చేత్తో మంచు తుడిచి
"కూర్చో," అన్నాడు.