చిల్లర లేదు

పోర్టు సైరన్ ఎనిమిదికి కూసేది.
మా గోడ గడియారం తప్పు కావచ్చు గానీ
సైరన్ తప్పు కాదని
నాన్న స్టూలెక్కి ముల్లునే జరిపేవాడు.
ఇప్పుడు టైము నా చేతిసంచిలో ఉంది,
ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.
నేనే ఆలస్యం.

ఇవాళ పొద్దున పూర్ణా మార్కెట్ వెనక
అరకిలో కానాగంతలకి
పది కాగితాలూ ఇరవై కాగితాలూ లెక్కపెడుతుంటే
కొర్లమ్మ గంప అంచున వేలాడే అట్ట చూపించింది.
నలుపూ తెలుపూ గళ్ళు.
ముగ్గు పెట్టడం రాని పిల్లెవరో విసుగొచ్చి
చుక్కలన్నీ ఒకేచోట కుమ్మరించినట్టు.
"దాన్ని ఫోటో తియ్యే" అంది.
నిజంగానే ఫోటో తీశాను.
ఉంది ఇంకా ఫోనులో,
అమ్మ ఫోటో పక్కనే.

నవ్వి నవ్వి కత్తిపీట ఆపేసింది.
"ఓలమ్మ! నువ్వు డిగ్రీ సదివినావు కదే!"

ఇద్దరిదీ ఒకే ఈడు.
పోర్టు క్వార్టర్ల గోడకి ఇటు నేను, అటు ఆమె.
ఆ గోడకి మేం పట్టేంత కంత ఉండేది.
ఇనుప ఖనిజం ఎర్రగా వచ్చి
ఆరేసిన బట్టల మీద కూచునేది.
అమ్మ తెల్లచీరలు కొనడం మానేసింది,
నేను ఎర్రబడ్డ జడరిబ్బన్లతోనే బడికి పోయాను.
ఎవరూ అడగలేదు. అందరివీ అంతే.

ఈమధ్య నా ఊళ్ళో నేనే దారి తప్పుతున్నాను.
నిరుడు కుడివైపు తిరిగిన వీధి ఈ ఏడు వన్‌వే.
మెడికల్ షాపు కుర్రాడు నన్ను కాదు,
నా నంబరునే గుర్తుపడతాడు.
బీచ్ రోడ్డులో జలాంతర్గామి
ఇసుకలో కూచుని టికెట్టు పెట్టి
తన పాత రోజులు చూపిస్తుంది.
నావి ఊరికే చూపిస్తానన్నా
మా మనవరాలు హేషిత ఐదు నిమిషాలు ఆగదు.

అందుకే కొర్లమ్మ దొరికిందని
గంప పక్కనే చతికిలబడ్డాను.
"గుర్తుందా, కరెంటు పోయిన రాత్రుళ్ళు
మా డాబా ఎక్కి
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఎన్నిసార్లు తిరిగిందో
పందెం వేసుకుని లెక్కపెట్టేవాళ్ళం.
నూరు దాకా. ఒక్కోసారి ఇన్నూరు దాకా.
ఎంత హాయి కొర్లా, అప్పుడు."

చేప పొట్ట చీలుస్తూనే అంది:
"నీకు పందెం.
నాను నిద్దరోకుండా నెక్కెట్టీదాన్ని.
మా అయ్య తెప్ప వొచ్చీదాకా."

పొలుసులు ఎగిరి నా చెప్పుల మీద పడ్డాయి.
దులుపుకోలేదు.

అన్ని రాత్రులు
పక్కపక్కనే కూచుని
ఒకే దీపాన్ని చూశాం.

ఆమె చిన్న పెట్టె ఒకటి తీసి తుడిచింది.
డబ్బు పడగానే అది పైకే చెబుతుందట, ఎంత పడిందో.
"ఇది వొచ్చినాక సుకం.
సదువు రాని గుంటని కదా,
అప్పుట్లో తక్కువ సేతిలో ఎట్టి ఎల్లిపోయీవోరు."
కాసేపాగి,
గంపలోకి చూస్తూ,
"మీ నాన్నగారు కూడా. ఒకపాలి. పావలా."

నాన్న టాలీ గుమస్తా.
ఓడల కొద్దీ సరుకు లెక్కపెట్టి
ఒక్క బస్తా తేడా రానివ్వలేదని
ఇంట్లో చెప్పుకుంటాం.
స్టూలు మీద నిలబడ్డ ఆ మనిషిని
ఎక్కణ్ణుంచి దింపాలో తెలియలేదు.

పావలా ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

ఫోను తీశాను.
వేలు ఎక్కడ పెట్టాలో ఆమే చూపించింది,
తడి వేలితో, అద్దం మీద.
నూట ఇరవైకి నూట ఇరవై ఒకటి నొక్కాను.
పెట్టె ఊరుకోదు కదా,
బజారంతా వినేలా చెప్పేసింది.

కొర్లమ్మ నావైపు చూడలేదు.
పక్క గంపలోంచి రెండు నెత్తళ్ళు తీసి
నా సంచిలో పడేసింది.
"నెక్క నెక్కేనే" అంది.

బస్సులో ఆ రెండింటినీ
విడిగా పట్టుకుని కూచున్నాను.