ఆది కొలతలు

టాడ్మోర్డెన్‌లో కాలవ పక్కన పాత నూలుమిల్లు,
రెండో అంతస్తులో డోరీన్ హెప్‌వర్త్ కొట్టు.
బోర్డు లేదు. మెట్ల మీద నూనె వాసనే గుర్తు.

"బూట్లు విప్పి గోడకానుకుని నిలబడు" అంది
టేపు మెడలో వేసుకుని.
తెనాలిలో మా టైలరు గుర్తొచ్చాడు.
ఆయన నన్ను ఒక్కసారీ కొలవలేదు,
ఆది జాకెట్టు ఇస్తే చాలనేవాడు.
ఆ ఆది మా పెద్దక్కది.
భుజాల మీంచి జారుతూనే నా ఇంటరు అయిపోయింది.

సైకిలు విషయంలోనూ ఎవరో ఒకరి ఆదే.
నాన్న సైకిలు బారు కిందనుంచి కాలు దూర్చి
అరతొక్కుడు, నడుం వంకర.
ఇక్కడికొచ్చాక సేల్‌లో కొన్నదీ అంతే,
మగవాళ్ళ చిన్న సైజుకి గులాబీ రంగు పూసి
ఆడవాళ్ళదన్నారు.
హ్యాండిలు అందాలంటే నేను సాగాలి.
మలుపులో ముందుచక్రం బూటుని తన్నేది.
నాలుగేళ్ళు మెడకి బామ్ రాసుకున్నాను
తప్పు మెడదే అనుకుని.

డోరీన్ ఒక లావుపాటి పుస్తకం నా కాళ్ళ మధ్య ఇరికించి పైకి నెట్టింది,
గోడ మీద పెన్సిలు గీత.
చెయ్యి, భుజం, అరచెయ్యి, చిటికెనవేలు కూడా,
బ్రేకుకి అందాలిగా.
అట్టముక్క మీద కూర్చోమని, లేచాక
ఆ రెండు గుంటల మధ్య దూరం కొలిచి రాసుకుంది
మొహంలో ఏ మార్పూ లేకుండా.
నాకే నవ్వాగలేదు.
"ఎడమకాలు తొమ్మిది మిల్లీమీటర్లు పొట్టి. తెలుసా?"
తెలీదు.
నలభై ఏడేళ్ళు. హాలిఫాక్స్ ఆసుపత్రిలో రోజూ
ఊరందరి ఎముకలకీ ఎక్స్‌రే తీసేది నేనే.

తర్వాత టీ. టీలోకి ఒక ప్రశ్న:
"దీనితో ఏం చేద్దామని?"
ఆరోగ్యం, పొదుపు, వ్యాయామం అని ఏవేవో అన్నాను.
ఆమె పెన్సిలు కదల్లేదు.
"క్రాగ్ వేల్ ఎత్తు ఒక్క దమ్మున ఎక్కాలి.
పైన నాకు ఆగాలనిపిస్తేనే ఆగాలి."
అది రాసుకుంది.

రంగుల అట్టలు రెండొందలు తిప్పాం. ఏదీ కాదు.
మళ్ళీ శనివారం బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఎర్ర గోంగూర కట్ట
పేపర్లో చుట్టి తీసుకెళ్ళాను.
"ఆకు కాదు, కాడ."
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.
"తడిగా ఉన్నప్పటి రంగా, ఆరాకా?"
పెళ్ళిచీర కొన్నప్పుడు కూడా
నన్నెవరూ ఇంత వివరం అడగలేదు.
"తడిగా."
ఒక కాడ ఉంచుకుంది. మిగతాది ఆ రాత్రే పచ్చడైంది.

మూడొందల పౌన్లు బయానా. పదకొండు నెలలు ఆగాలట.
"మొత్తం డబ్బుకి పాత కారొస్తుంది" అన్నాడు పురుషోత్తం.
వస్తుంది. దాని సీటు కూడా
నీ కాళ్ళ పొడుక్కే వెనక్కి జరిగుంటుంది.
ఇది పైకి అనలేదు. గిన్నెలు కొంచెం గట్టిగా సర్దాను.

ఐదో నెలలో ఒక కవరు.
లోపల బొటనవేలంత ఉక్కు గొట్టం ముక్క,
దాని చుట్టూ కాగితం, కాగితం మీద
ఆమె గొలుసుకట్టు రాత:
"సువర్చల పైగొట్టం లోంచి కోసింది. నీకు అక్కర్లేదు."

కిటికీలో కరివేపాకు కుండీ పక్కన పెట్టాను.
కోసిన అంచు ఇంకా పదునుగానే ఉంది,
గోడ పోస్టుకార్డు కంటే కాస్తే మందం.
ఇన్నేళ్ళూ సాగి సాగి నేను అందుకున్నది
ఈ కాసింత దూరమే.

రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, టీ నీళ్ళు మరిగేలోపు
చెంచాతో ఒకసారి కొడతాను.
ఇంత చిన్నది, చాలాసేపు మోగుతుంది.