రూటుల లేని ఊరు

నల్లగొండ దవాఖానల స్కానింగు చూపి
డాక్టరమ్మ అన్నది: "మెదడుకు ఎడమదిక్కు దెబ్బ.
మాటలుండేది ఆడనే."
బుచ్చిరాములు నోట్లె ఒక్క ముక్కే మిగిలింది: "అద్... అద్..."
భార్య పేరుకూ అదే, బువ్వకూ అదే.

పదిహేడేండ్లు ఆయన కండక్టరు, నేను డ్రైవరు.
ఏం మాట్లాడాల్నో తెల్వక
స్టీలు గిలాసను తాళంచెవితోని కొట్టిన,
రెండుసార్లు.

"రై...ట్."

మంచం కదిలినట్టయింది.
"కొండమల్లేపల్లీ... చింతపల్లీ..."
అదే రాగం, చివర్ల అదే సాగదీత,
టికెట్ మిషను రాకముందటి గొంతు.
ఎడమదిక్కు రోడ్డు కోసుకపోతే
ఏ పక్కతొవ్వ పట్టి వచ్చిందో బండి!

ఇప్పుడు మాల్ రావాలె.
రాలే.
"నీళ్లూ... నీళ్లూ..."

మా రూటుల ఆ పేరుతోని ఊరు లేదు.
అంతమ్మ నా చేతిలకెల్లి గిలాస గుంజుకున్నది.
నేను బండి ఆపిన.