బట్టలు తెల్లగా ఆరుతున్నాయి

జ్ఞానాపురంలో ఇంట్లో దిగిన మొదటి వారమే
పక్కింటి ఎస్తేరు చెప్పింది:
"తెల్లబట్టలు కొనుక్కోకమ్మా, పోర్టు ఊరుకోదు."

తొమ్మిదేళ్లు ఊరుకోలేదు.
దండెం మీద బొగ్గు, దిండు గలీబు మీద బొగ్గు,
పెరుగు గిన్నె మూత తీసేలోపు
ఓ నల్లటి నలుసు.
తిట్టుకుంటూ తుడిచేదాన్ని.
తిట్టుకుంటూనే ఒకటో తారీఖున
అద్దె లెక్కపెట్టి ఇచ్చేదాన్ని.

ఈమధ్య బట్టలు తెల్లగా ఆరుతున్నాయి.

మొదట సంతోషపడ్డాను, దాచడమెందుకు.
సర్ఫు పాకెట్టు పది రోజులు ఎక్కువొచ్చింది.
తర్వాత ఓ రాత్రి మెలకువొచ్చి
ఏదో తక్కువైందని చెవులు వెతుక్కున్నాయి.
కాన్వెంట్ జంక్షన్ మలుపులో
గేరు మార్చే మోత లేదు.

దాలినాయుడు ఇంట్లోనే ఉన్నాడు.
అదీ మొదట సంతోషమే.
వరసగా నాలుగు ఆదివారాలు
మొగుడి మొహం చూడడం పెళ్లయ్యాక అదే మొదలు.
రాయపూర్ లేదు, నాగపూర్ లేదు.
"లోడ్ రాలేదే" అంటాడు,
కబురు పెట్టినా కదలని
మొండి చుట్టం గురించి చెప్పినట్టు.

పొద్దున్నే స్నానం చేసి ఖాకీ చొక్కా తొడుక్కుని
యార్డుకి పోతాడు.
సీరియల్ నంబరు తొంభై నాలుగు.
నిన్నా తొంభై నాలుగే.
టైర్ల కింద గడ్డి మొలిచిందట.
క్లీనరు అసిరిగాడు చేతులు ఊరుకోక
ఆ గడ్డి పీకి ఎవరి మేకకో వేస్తున్నాడట.
నవ్వుతూ చెప్పాడు,
నవ్వు సగంలో ఆపేసి మంచినీళ్లడిగాడు.

బండి తిరిగితేనే బత్తా.
షావుకారు మూడు లారీల్లో ఒకదాన్ని
ఫైనాన్సు వాళ్లు తోలుకుపోయారు.
"మిగిలిన రెంటికీ నన్నే క్లీనరుగా పెట్టుకోండి"
అన్నాడట ఆయన, ఎవర్నీ చూడకుండా.

ఇంటామె సత్యవేణి గారు చెడ్డది కాదు.
మేడ మీద గదికి తెచ్చిన అప్పుకి
మా అద్దే ఆవిడ కిస్తీ.
ఆ గదిలో క్రేన్ ఆపరేటరు
పోయిన నెలే తాళంచెవి ఇచ్చేసి వెళ్లాడు.
గుమ్మంలో నిలబడింది. అద్దె మాటెత్తలేదు.
"దుమ్ము తగ్గినట్టుంది కదమ్మా" అంది.
"తగ్గిందండీ" అన్నాను.
ఇద్దరం దండెం వైపు చూస్తూ
కాసేపు అలా ఉండిపోయాం.

సబ్బవరం దాటాక రేకుల ఇల్లు, అద్దె సగం.
పగలు ఊళ్లోకి లారీలు రానివ్వరు.
రాత్రి పదకొండు దాటాక, డీజిలు మాదే అనే షరతు మీద,
షావుకారు బండి ఇచ్చాడు.
నలభై ఒక్క రోజుల తర్వాత
పద్నాలుగు చక్రాల ఆ బండికి దొరికిన లోడ్
మేమే.

బీరువా, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము,
పిల్లదాని సైకిలు, పగిలిన బకెట్టులో కరివేపాకు మొక్క.
తొమ్మిదేళ్లూ ఓ మూలకి సరిపోయాయి.
అయినా అతను టార్పాలిన్ మొత్తం పరిచాడు.
తాళ్లు బిగించి, ప్రతి ముడినీ లాగి చూసి,
ముందు చక్రం దగ్గర నిమ్మకాయ పెట్టాడు,
రాయపూర్ పోయేవాడిలాగే.

పెందుర్తి దగ్గర వేబ్రిడ్జి లైటు చూసి
కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.
"తూయిద్దామేటి?" అన్నాడు.
"ఏటుందని తూయిస్తావు?" అన్నాను.
నవ్వుతాడనుకున్నాను.
వెనక ఖాళీలో సైకిలు బెల్లు
గుంత గుంతకీ మోగుతూనే ఉంది.
"నాన్నా, నిద్దరొస్తలేదు" అంది పిల్ల.
"నాకూ" అన్నాడు.

తెల్లారి కొత్త వాకిట్లో తాడు కట్టి బట్టలు ఉతికాను.
ఇక్కడి గాలికి మట్టి వాసన, పేడ వాసన.
దిండు గలీబు మూలన పాత మరకొకటి,
వేలిముద్రంత నలుపు, మిగిలిపోయింది.
సబ్బు పెట్టాను.
మళ్లీ ఎందుకో
రుద్దకుండానే జాడించి ఆరేశాను.